బొగ్గు చోటు చెరువులో, కడుపులో కాదు



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు ఎక్కువగా బి.పి., షుగరు, కొలెస్టరాల్ చుట్టూ తిరుగుతూ ఉంటాయి. ఈ నెల మాత్రం రెండు ఉత్తరాలు చేపల మీద వచ్చాయి. మొదటిది ఒక సోదరి వ్రాసినది. ఆమెకు ఇప్పుడు నాలుగో నెల. "చేపల్లో పాదరసం ఉంటుందట, మానెయ్యమని ఇక్కడి స్నేహితురాళ్ళు అంటున్నారు. కడుపులో బిడ్డకు బలం, తినమని అమ్మ ఫోనులో పోరుతోంది. చేపల పులుసు తిన్న రోజున మందుల షాపులో దొరికే బొగ్గు మాత్ర ఒకటి వేసుకుంటే సరిపోతుందా?" అని ఆమె ప్రశ్న. రెండవది కొల్లేటి వైపు పొలం ఉన్న ఒక పెద్దాయన వ్రాసినది. ఆ పొలం ఏళ్ళ తరబడి చేపల చెరువు కింద కౌలులో ఉంది. నీటిలోని లోహాల విషం తీసేందుకు ఈ ఏడు చెరువులో "బయోచార్" అనే బొగ్గు వేయిస్తానని, ఖర్చులో సగం పెట్టుకోమని కౌలుదారు అడిగాడట. "మీరు డాక్టరు గదా, ఇందులో నిజమెంతో చెప్పండి" అన్నారు.

ఇద్దరూ అడిగింది బొగ్గు గురించే. ఒకరు చేపను తిన్న తర్వాత వాడదామంటున్నారు, ఒకరు చేప పెరిగే చోట వాడదామంటున్నారు. సమాధానం ఈ తేడాలోనే ఉంది గనుక రెండు ఉత్తరాలకూ కలిపి జవాబు వ్రాస్తున్నాను.

ముందుగా ఈ లోహాల స్వభావం కొంచెం తెలుసుకోవాలి. చేపలో సూక్ష్మజీవులుంటే పులుసు మరిగేసరికి చస్తాయి. సీసం, కాడ్మియం, పాదరసం అలా కాదు. అవి మూలకాలు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి ఉప్పుచేప చేసినా పోవు. కుళ్ళి మట్టిలో కలిసిపోవడమూ ఉండదు. ఒకసారి నీటిలోకి వచ్చిన లోహం ఎక్కడో ఒకచోట ఉండి తీరవలసిందే. నీటిలోనో, అడుగు మట్టిలోనో, చేపలోనో, మనలోనో. అసలు వైద్యమంతా అది ఎక్కడ ఉండాలో నిర్ణయించడమే.

మన ఒంట్లో చేరాక ఒక్కొక్క లోహం ఒక్కొక్క చోట కాపురం పెడుతుంది. మిథైల్ పాదరసం మనం తిన్నదానిలో నూటికి 95 పాళ్ళు పేగుల ద్వారా రక్తంలోకి ఎక్కుతుంది. అందులో సగం బయటకు పోవడానికి సుమారు 50 రోజులు పడుతుంది. సీసం ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉంటుంది. కాడ్మియం మూత్రపిండాల్లో తిష్ఠ వేస్తుంది. అందులో సగం తగ్గడానికి పది నుంచి ముప్ఫై ఏళ్ళు. దాన్ని ఒంట్లోంచి నమ్మకంగా లాగివేసే మందు వైద్యుల దగ్గర ఈనాటికీ లేదు. వచ్చాక వెళ్ళగొట్టడం కన్న రాకుండా చూసుకోవడమే మేలని పెద్దలు దొంగల గురించి చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఈ పాఠం ప్రపంచానికి నేర్పినది జపానులోని మినమాట అనే ఊరు. అక్కడ చిస్సో అనే రసాయనాల కంపెనీ ఆసిటాల్డిహైడ్ తయారీలో పాదరసం వాడి, 1932 నుంచి 1968 వరకు ఆ వ్యర్థాన్ని సముద్రపు పాయలోకి వదిలింది. చేపలు తిన్న పిల్లులు మూర్ఛలొచ్చి గంతులు వేస్తూ చచ్చాయి. తర్వాత మనుషులకు వచ్చింది. చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, చూపు కుంచించుకుపోవడం, మాట తడబడడం. ఈ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956 మే 1న. కారణం కంపెనీ పాదరసమేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. మధ్యలో పన్నెండేళ్ళు గడిచాయి. వైద్యులను అన్నిటికన్న కలచివేసినది ఇంకొకటి ఉంది. తల్లికి పెద్దగా లక్షణాలు కనిపించకపోయినా పుట్టిన బిడ్డకు మెదడు తీవ్రంగా దెబ్బతిని ఉండేది. తల్లి తిన్న పాదరసం మాయను దాటి బిడ్డలో మరింత ఎక్కువగా చేరుతుంది. అందుచేత మన సోదరి భయం ఉత్తి భయం కాదు.

అయితే అన్ని చేపలనూ ఒకే గాట కట్టకూడదు. నీటిలో పాదరసం కొంచెమే ఉన్నా దాన్ని నాచు పీల్చుకుంటుంది, నాచును చిన్న పురుగు తింటుంది, పురుగును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప. మెట్టు మెట్టుకూ పాదరసం పెరుగుతూ పోతుంది. కాబట్టి ఎక్కువ ఉండేది వేటాడి తినే పెద్ద చేపల్లో, ఏళ్ళ తరబడి బతికే చేపల్లో. సొర, కత్తిచేప, మార్లిన్, కింగ్ మాకరెల్, బిగై ట్యూనా వంటివి గర్భిణులు మానెయ్యాలని అమెరికా ఎఫ్.డి.ఏ. వారి సలహా. మనవాళ్ళు ప్రాణం పెట్టే వంజరం ఈ కింగ్ మాకరెల్‌కు దాయాది గనుక దానినీ ఈ కొద్ది నెలలు తగ్గించుకోవడం మంచిది. సాల్మన్, సార్డిన్, తిలాపియా, కాట్‌ఫిష్, రొయ్యలు, ఇవి తక్కువ పాదరసం జాబితాలోనివి. మన శీలావతి, బొచ్చె కూడా వేటచేపలు కావు. నాచు, నీటిలోని సూక్ష్మజీవులు, చెరువుల్లో వేసే తవుడు, తెలగపిండి తిని పెరుగుతాయి. ఏడాది, ఏడాదిన్నరకు పట్టేస్తారు. పాదరసం పోగయ్యే వ్యవధి వాటికి ఉండదు.

ఒక లెక్క చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో వారానికి ఒక కిలో శరీర బరువుకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం మించరాదని నిర్ణయించింది. గర్భస్థ శిశువును దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క ఇది. 60 కిలోల మనిషికి వారానికి 96 మైక్రోగ్రాములు. చేపలో కిలోకు ఒక మిల్లీగ్రాము ఉందనుకుంటే వంద గ్రాముల ముక్కతోనే ఆ వారం కోటా అయిపోతుంది. అదే కిలోకు 0.05 మిల్లీగ్రాములు ఉన్న చేప అయితే దాదాపు రెండు కిలోలు తింటేగాని ఆ హద్దు రాదు. కనుక సోదరి అమ్మగారి మాట, స్నేహితురాళ్ళ మాట రెండూ నిజమే. ఏ చేప అన్నదే తేడా. తక్కువ పాదరసం ఉన్న చేపలను గర్భిణులు వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 8 నుంచి 12 ఔన్సులు తినవచ్చునని, తినడం మంచిదని కూడా ఎఫ్.డి.ఏ. చెబుతోంది. ఇంకొక మాట. సీసం, కాడ్మియం కండలో కన్న మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో, ఎముకల్లో ఎక్కువ చేరతాయి. చేపను కోసేటప్పుడు మొప్పలు, పేగులు, కాలేయం తీసి పారేసే మన అమ్మల అలవాటు చాలా మంచి అలవాటు. పాదరసానికి మాత్రం ఇది పనికిరాదు, అది కండలోనే ఉంటుంది.

ఇక బొగ్గు మాత్ర. ఆసుపత్రి అత్యవసర విభాగంలో మేము యాక్టివేటెడ్ చార్‌కోల్ వాడతాం. ఎవరైనా మందు బిళ్ళలు అతిగా మింగితే, త్వరగా తీసుకువస్తే, పెద్దవాళ్ళకు 50 గ్రాముల దాకా నీళ్ళలో కలిపి తాగిస్తాం. దీనిలో మహత్తేమీ లేదు, అంతా వైశాల్యమే. అలాంటి బొగ్గు ఒక్క గ్రాములోని సందులూ గొందులూ పరిచి చూస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే 25 సెంట్ల నేల. ఆ గోడలకు మందు అణువులు అంటుకుపోతాయి. కాని ఇనుము, లిథియం, సీసం వంటి వాటికి ఈ బొగ్గు పెద్దగా పనిచెయ్యదని వైద్య విద్యార్థి మొదట్లోనే నేర్చుకుంటాడు. లోహపు అయాను చిన్నది, విద్యుదావేశం ఉన్నది. కడుపులోని గాఢమైన ఆమ్లంలో అది కరిగి తిరుగుతుందే గాని బొగ్గు గోడను అంటుకోదు. పైగా చేపలో ఉన్న పాదరసం మాంసకృత్తులకు అతుక్కుని వస్తుంది. ఒక చిన్న మాత్రలో ఉండే బొగ్గు దాన్ని ఏం చేస్తుంది? మేలు లేకపోగా, మీరు వేసుకునే థైరాయిడ్ మాత్ర వంటి అవసరమైన మందును అది పట్టుకుని పోవచ్చు. కనుక సోదరికి నా జవాబు: చేపను ఎంచుకుని తినండి, బొగ్గు మాత్ర వద్దు. మిగతా సంగతులు మిమ్మల్ని చూస్తున్న డాక్టరును అడగండి.

మరి కడుపులో లోహాన్ని పట్టలేని బొగ్గు చెరువులో ఎలా పడుతుంది? పెద్దాయన ప్రశ్న దగ్గరకు వచ్చాం.

బయోచార్ అంటే ఊక, కొబ్బరి చిప్పలు, సర్కారు తుమ్మ కట్టె వంటివాటిని గాలి చాలనివ్వకుండా 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో మాడ్చిన బొగ్గు. మన వైపు బొగ్గుల బట్టీలలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. రైసు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే తెల్లని ఊకబూడిద మాత్రం బయోచార్ కాదు; అందులో బొగ్గు చాలావరకు కాలిపోయి ఇసుకలోని పదార్థమే మిగిలి ఉంటుంది. మందుబొగ్గుతో పోలిస్తే బయోచార్‌కు వైశాల్యం తక్కువ. కాని దానికి మూడు గుణాలున్నాయి. ఒకటి, మరీ పెద్ద మంట తగలని బొగ్గు ఉపరితలం మీద ఆక్సిజన్‌తో కూడిన రసాయన కొక్కేలు మిగిలి ఉంటాయి. ధనావేశం ఉన్న సీసం, కాడ్మియం, రాగి అయానులు వాటికి తగులుకుంటాయి. రెండు, అందులోని కాల్షియం, పొటాషియం నీటిలోకి దిగి, వాటి స్థానంలోకి ఈ లోహాలు ఎక్కుతాయి. మూడు, దానిలోని బూడిద నీటిని క్షారం వైపు తిప్పుతుంది. అప్పుడు లోహాలు కార్బొనేట్లుగా, ఫాస్ఫేట్లుగా గట్టిపడి కిందికి దిగిపోతాయి. కడుపులో ఉన్నది ఆమ్లం, వ్యవధి గంటలు. చెరువులో ఆమ్లం లేదు, వ్యవధి నెలలు. అందుకే కడుపులో ఓడిన బొగ్గు చెరువులో గెలవగలదు.

బావి నీళ్ళను బొగ్గు, ఇసుక కుండల్లో వడకట్టి, చిల్లగింజ అరగదీసి తేర్చుకున్న జాతికి ఇది మరీ కొత్త సంగతి కాదు. కొత్తదల్లా ఏ బొగ్గు ఏ లోహాన్ని ఎంత పడుతుందో కొలిచి చూడడం. ఇక్కడ అమెరికాలోనే ఒక ఉదాహరణ ఉంది. వర్జీనియా రాష్ట్రం వేన్స్‌బరోలో డ్యూపాంట్ వారి ఫ్యాక్టరీ 1929 నుంచి 1950 వరకు వాడిన పాదరసం సౌత్ రివర్ అనే నదిలోకి చేరింది. ఆ సంగతి బయటపడింది 1970లలో. ఫ్యాక్టరీలో పాదరసం వాడకం ఆగి దశాబ్దాలు గడిచినా ఆ నది చేపలను తినే విషయంలో హెచ్చరికలు తొలగలేదు. 2016లో సుమారు 5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది. ఆ నది ఒడ్డు మట్టిలోని పాదరసాన్ని రకరకాల బయోచార్‌లు ఎంతవరకు పట్టి ఉంచుతాయో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు ప్రయోగశాలలో పరీక్షించారు. మినమాటలోనైతే అడుగు మట్టినే తవ్వి తీసి పూడ్చవలసి వచ్చింది. 1977లో మొదలైన ఆ పని 1990 దాకా సాగింది. తవ్వి పొయ్యలేని చోట మట్టిలోనే లోహాన్ని కట్టిపడెయ్యడం ఎలా అన్నదే ఈ బొగ్గు పరిశోధనలకు మూలం.

మన కొల్లేటికి వద్దాం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రానికి చేరుస్తుంది. అంటే విజయవాడ, ఏలూరు వంటి ఊళ్ళ మురుగు, దారిలోని పరిశ్రమల నీరు, పొలాల్లో చల్లిన ఎరువుల కడుగు చాలావరకు చేరేది అక్కడికే. 1999లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, 2006లో సరస్సు లోపలి చేపల చెరువు గట్లను ప్రభుత్వమే పడగొట్టించింది. కొల్లేటి అడుగు మట్టిలోని లోహాలు తినే చేపల్లోకి చేరడం మీద 2004లోనే ఎన్విరాన్‌మెంట్ ఇంటర్నేషనల్ అనే పత్రికలో పరిశోధన వ్యాసం వచ్చింది. బయటినుంచి వచ్చే నీరు చాలదన్నట్టు చెరువులోకి మన చేతులతో మనమే వేసేవీ ఉన్నాయి. నాచు చావడానికి వేసే మైలతుత్తం రాగి లవణమే. సూపర్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం జాడలు ఉండవచ్చు. కోళ్ళ పెంటతో కోళ్ళ మేతలోని రాగి, జింకు వస్తాయి.

ఇప్పుడు పెద్దాయనకు సూటిగా జవాబు. బొగ్గు పనిచేస్తుంది, కాని అన్ని లోహాల మీదా కాదు, ఎలా వేసినా కాదు.

ఎకరం చెరువులో అయిదడుగుల నీరు ఉంటే అది 60 లక్షల లీటర్ల పైచిలుకు. ప్రయోగశాలలో గ్లాసుడు నీటిలో వేసినట్లు లీటరుకు గ్రాము చొప్పున వెయ్యాలంటే ఎకరానికి ఆరు టన్నులు కావాలి. చెరువంతా చల్లడం డబ్బు నీళ్ళపాలు చెయ్యడమే. పైగా మెత్తని బొగ్గు పొడి చేపల మొప్పల్లో చిక్కుకుంటుంది. అర్థమున్న చోట్లు రెండు. ఒకటి, కాలువ నీరు లోపలికి వచ్చే తూము దగ్గర, వచ్చే నీరు బొగ్గు సంచుల గుండా నెమ్మదిగా పోయేలా కట్టడం. రెండు, పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టినప్పుడు పై మట్టిలో కలపడం. మొదటిది మేలు, ఎందుకంటే నిండిన బొగ్గును తీసి మార్చవచ్చు. మట్టిలో కలిపినది ఇక అక్కడే ఉంటుంది. లోహం అందులో చిక్కి ఉంటుందే గాని నశించదు.

ఇంకొక జాగ్రత్త ఉంది. సీసం, కాడ్మియం, రాగి మీద బొగ్గు నమ్మకంగా పనిచేస్తుంది. ఆర్సెనిక్ మీద అలా కాదు. అది నీటిలో రుణావేశంతో తిరుగుతుంది గనుక మామూలు బొగ్గు దాన్ని నెట్టివేస్తుంది. క్షారం పెరిగితే మట్టిలోని ఆర్సెనిక్ ఒక్కొక్కప్పుడు పైకి వస్తుంది కూడా. దానికి ఇనుము పట్టించిన బొగ్గు కావాలి. పాదరసం విషయంలో ఒక బొగ్గు మేలు చేస్తే మరొకటి బురదలోని సూక్ష్మజీవుల చేత మిథైల్ పాదరసం తయారు చేయించే సందర్భాలూ ఉన్నాయి. క్షారం పెరిగితే చెరువులోని అమ్మోనియా విషరూపం దాల్చి చేపలనే చంపుతుంది. జబ్బేదో తెలియకుండా మందు వెయ్యరాదన్న సూత్రం చెరువుకూ వర్తిస్తుంది.

అందుచేత అయ్యా, సగం ఖర్చు ఇవ్వండి, కాని కొన్ని షరతుల మీద ఇవ్వండి. మొదట నీరు, అడుగు మట్టి, చేప కండ, చేప కాలేయం నాలుగింటినీ విడివిడిగా ప్రయోగశాలకు పంపించి సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్, క్రోమియం ఎంతున్నాయో వ్రాతపూర్వకంగా తెప్పించండి. చేప కండలో సీసానికి అంతర్జాతీయ కోడెక్స్ హద్దు కిలోకు 0.3 మిల్లీగ్రాములు. బొగ్గు దేనితో చేశారో అడగండి. రంగులు, మందులు పూసిన పాత కలప, ఫ్యాక్టరీ మడ్డి అయితే విషాన్ని మనమే కొని తెచ్చి వేసినట్టు. రెండు చెరువులుంటే ఒకదానికి వేసి ఒకదానికి మాని, పట్టుబడినాడు రెండింటి చేపలనూ పరీక్ష చేయించండి. చివరగా, వాడిన బొగ్గు ఎక్కడికి పోతుందో ముందే తేల్చుకోండి. ఎరువని చెప్పి వరిచేలో చల్లితే లోహం చేప దారి వదిలి అన్నం దారి పట్టినట్లే. జపానులో జింజు నది నీటితో పండిన బియ్యంలోని కాడ్మియం వల్ల ఎముకలు విరిగిపోయే "ఇతాయ్ ఇతాయ్" జబ్బు వచ్చింది. ఆ పేరుకు "నొప్పి నొప్పి" అని అర్థం.

ఈ షరతులు కౌలుదారుకు భారంగా తోచవచ్చు. కాని అతనికీ లాభమే. పరీక్ష కాగితం చేతిలో ఉన్న చేపకు రేపు ఎగుమతి మార్కెట్టులోనైనా, ఇంటి మార్కెట్టులోనైనా అడ్డు ఉండదు. ఏ కాలువ నుంచి విషం వస్తోందో కాగితం మీద తేలితే, ఆ పై ఊరి మీదా, పై ఫ్యాక్టరీ మీదా అడిగే హక్కు వస్తుంది. బొగ్గు ఎంత మంచిదైనా తూము దగ్గర కాపలాదారు మాత్రమే. పైనుంచి వదిలేవాళ్ళు వదులుతూనే ఉంటే ఏదో ఒకనాటికి కాపలాదారుకు చేతులు నిండిపోతాయి.

మనలో చాలామంది ఇళ్ళ పొలాలు ఇలాగే చెరువులయ్యాయి. కౌలు డబ్బు ఏడాదికోసారి బ్యాంకులో పడుతుంది. నీరు ఎలా ఉందో మనం చూడం. ఆ చేప ఐసు పెట్టెల్లో లారీల మీద బెంగాలు, అస్సాం దాకా వెళుతుంది. ఈ ఊళ్ళో మన సోదరి తన బిడ్డ కోసం ఏ చేప తినాలని అడుగుతున్నట్లే, అక్కడ ఏ గౌహతిలోనో ఒక తల్లి మన చెరువు చేపను కొని ఇంటికి తీసుకుపోతూ ఉంటుంది. ఆమె అడగడానికి ఇటువంటి శీర్షిక లేదు. ఆమె తరఫున ఒక్క పరీక్ష చేయించడం చెరువు యజమాని చెయ్యగల పని.

వచ్చే నెల పిల్లల ఉబ్బసం గురించి, ఇక్కడి చలికాలంలో ఇంటి లోపలి గాలి గురించి వ్రాస్తాను. ప్రశ్నలు ఎప్పటిలాగే సంపాదకుల చిరునామాకు పంపండి. పేర్లు వెయ్యం.